జానెడు నేత

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన నాలుగో రోజున మా బడికి తాళం పడింది. ఆ బడికి ఉన్న ఒకే ఒక్క టీచరుగా ఆ తాళం నేనే వేశాను. మూడు రోజుల తర్వాత బస్సులూ ఆగిపోయాయి. కండక్టరుగా పనిచేసే మా ఆయన భూపతి ఖాకీ చొక్కా విప్పి దండెం మీద వేసి, పాత బస్టాండు దగ్గర ఆర్టీసీ వాళ్లు వేసిన దీక్షా శిబిరానికి పొద్దున్నే వెళ్లిపోయేవాడు. కొడుకు వరంగల్ హాస్టల్లో ఉన్నాడు. అలా రెండు వేల పదకొండు సెప్టెంబరులో, పెళ్లయిన ఇరవై ఏళ్లలో మొదటిసారి, పగటిపూట ఆ ఇంట్లో నేనూ మా మామా ఇద్దరమే మిగిలాం.

మామ పేరు రాజమల్లయ్య. సిద్దిపేటలో గొల్లభామ నేయడం వచ్చిన కొద్దిమందిలో ఒకరు. నెత్తిన కుండ పెట్టుకుని నడిచే ఆ చిన్న బొమ్మను మిషన్ నేయదు. ఒక్కొక్క పోగూ లెక్కబెట్టి, రంగు దారం చేత్తో దూర్చి నేయాలి. మార్చిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా అయింది. అప్పట్నుంచి మగ్గం గదిలోనే మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. రెండు ముద్దలు తినేవారు, మూడోది నోట్లోనే ఉంచుకునేవారు. మాట్లాడగలిగినా మాట్లాడేవారు కాదు.

ఆయన్ను దవాఖానకు తీసుకుపోయిన రోజే ఇల్లు రెండు ముక్కలైంది. రెండు గంటల ముందు తెచ్చి ఉంటే చెయ్యి నిలిచేదని డాక్టరు అన్నాడు. ఆ మాట వినగానే నా మరిది నరేశ్ అందరి ముందూ అన్న మీదికి పోయాడు.

"బాపును ఇంట్ల పెట్టుకున్నది నువ్వు. పానం మీదికొస్తే గూడ సూసెటోడు లేకపాయె. ఫోను బంద్ పెట్టుకొని బస్సుల తిరుగు!"

భూపతి అతని చెంప మీద కొట్టాడు. అంతే. నరేశ్ మా ఇంటికి రెండు వీధుల అవతల కిరాయికి ఉండేవాడు. భివండిలో ఎనిమిదేళ్లు మరమగ్గాల మీద పనిచేసి వచ్చి, ఇక్కడ ఒక బట్టల దుకాణంలో కుదిరాడు. ఆ రోజు తర్వాత మా గడప తొక్కలేదు. భూపతి లేనప్పుడు నరేశ్ భార్య ప్రియాంక వచ్చి మామను చూసిపోయేది. సమ్మె మొదలయ్యాక అన్నదమ్ములు ఒకే రోడ్డుకు ఎదురెదురుగా కూర్చునేవారు. అన్న ఆర్టీసీ శిబిరంలో, తమ్ముడు కుల సంఘం శిబిరంలో. ఇద్దరి నినాదమూ ఒకటే, ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు.

నరేశ్ అన్న మాట భూపతినే కాదు, నన్నూ తాకిందని ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి మామకు చాయ్ ఇచ్చి బడికి పోయింది నేనే. ఆయన మొహం సరిగ్గా చూశానా లేదా అని ఆరు నెలలుగా గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. ఐదు తరగతుల పిల్లలను ఒక్కదాన్నే కూర్చోబెట్టగలిగిన దాన్ని, ఆ ఒక్క ప్రశ్నను మాత్రం కూర్చోబెట్టలేకపోయాను.

బడి మూసిన నాలుగో రోజున భూపతి అన్నాడు, "పండుగకు ముంగట ఆ మగ్గం ఇప్పేద్దాం. ఇగ నేసెటోడు ఎవరున్నరు? బాపు మంచానికి జర జాగ అయితది."

నాకూ నిజమే అనిపించింది. మర్నాడు కొంగు బిగించి బూజు దులిపి, మగ్గం మీద కప్పిన పాత దుప్పటి తీశాను. కింద నిలువు పోగుల పడుగు అలాగే ఉంది. తెల్లటి పోగులు, మీద ఆరు నెలల దుమ్ము. ముందువైపు సగం నేసిన కండువా. పోగులు కోసేస్తే చట్రం విప్పడం తేలికవుతుందని కత్తెర తెచ్చాను.

"కొయ్యకు!"

కత్తెర జారి, మగ్గం కింద కాళ్లు దించుకునే గుంటలో పడింది. మామ గోడవైపు నుంచి ఇటు తిరిగారు. ఎడమ చేతి మీద లేచి కూర్చోవడానికి తంటాలు పడుతున్నారు. ఆరు నెలల్లో నేను విన్న మొదటి మాట అది.

"కొయ్యను మామా, కొయ్యను. ఇగ దీన్ని ఏం చేద్దాం మరి?"

ఆయన చూపుడు వేలు గుంట వైపు చూపించింది. "కూసో."

"నాకు రాదు."

"వస్తది. పంతులమ్మవు."

'పంతులమ్మవు' అనడానికి ఆయనకు మూడు ప్రయత్నాలు పట్టాయి. నేను నవ్వలేదు. చీర కుచ్చిళ్లు ఎగదోసుకుని గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాను. మాదీ నేత కుటుంబమే. కానీ మా నాయిన నన్ను మగ్గం దగ్గరికి రానిచ్చేవాడు కాదు, చదువుకో అని తరిమేవాడు. నలభై రెండేళ్లొచ్చాక, సర్కారు ఉద్యోగం సమ్మెలో ఉన్నప్పుడు నేను మగ్గం ఎక్కాను.

మొదటి నాలుగు రోజులు నవ్వులాటే. కాళ్ల కింది చెక్కలు తొక్కితే పోగులు పైకీ కిందికీ విడిపోవాలి, కుడి చేత్తో తాడు లాగితే ఆ సందులోంచి అడ్డ దారం మోసే నాడె ఇటు నుంచి అటు దూసుకుపోవాలి. నేను కుడి కాలు తొక్కాల్సినప్పుడు ఎడమ కాలు తొక్కేదాన్ని. నాడె ఎగిరి మంచం కిందికి పోయేది. ఒకసారి మామ మోకాలికి తగిలింది.

"సంపుతవా?" అన్నారాయన.

పక్కింటి రబియాబీ ఆ చప్పుడుకే వచ్చింది. ఆమెకు యాభై దాటాయి. మామ మగ్గానికి చాలా ఏళ్లుగా నాడెలో పెట్టే దారపు కండెలు చుట్టింది ఆమే. నన్ను గుంటలో చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"యా అల్లా! టీచరమ్మా, నువ్వా?"

"నేనే. రాట్నం నీ ఇంట్లనే ఉన్నదా?"

"ఎటు పోతది? ఉండు, తెస్త."

అప్పట్నుంచి రోజూ పది దాటగానే ఆమె రాట్నం పట్టుకుని వచ్చేది. బొగ్గు గనుల సమ్మెతో పగలంతా కరెంటు ఉండేది కాదు. ఫ్యాను తిరగని ఆ గదిలో తలుపు తీసి పెట్టుకుని ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం. దూరం నుంచి మైకుల్లో నినాదాలు వినిపించేవి. నరేశ్ మైకు పడితే గొంతు గుర్తుపట్టి మామ తల ఎత్తేవారు. తర్వాత నా వైపు చూసి, "తొక్కు" అనేవారు.

నా నేత చూసి ఆయన పళ్లు నూరేవారు. అంచు పాములా వంకర్లు పోయింది. మూరకు నాలుగు పోగులు తెగేవి. అయినా, మామ సగంలో ఆపినదాన్ని అలాగే వదిలి నేను మొదలుపెట్టిన కండువా ఆరో రోజుకు పూర్తయింది. దాని కొస మీద ఎర్ర దారంతో ఒక గొల్లభామ, మెడ లేకుండా. కుండ నేరుగా భుజాల మీదే కూర్చుంది. మామ మంచం మీంచి ఒంగి, మగ్గం మీదున్న దాని కొస ఎడమ చేత్తో పట్టుకుని చూశారు.

"గిదెవరు?"

"గొల్లభామ మామా."

ఆయన భుజాలు ఊగాయి. దగ్గనుకుని మంచినీళ్లు అందుకున్నాను. దగ్గు కాదు, నవ్వు. ఆ రోజు అన్నం మొత్తం తిన్నారు.

తినడం అయ్యాక ఆయనే అన్నారు, దసరాకు బంగారమని చేతిలో పెట్టే జమ్మి ఆకుతో పాటు ఒక్కొక్కరికి ఒక కండువా పెడదామని. పడుగు ఇంకా ఎన్నింటికి సరిపోతుందో కంటితోనే కొలిచి ఎడమ చేతి ఐదు వేళ్లూ చాపారు. నేను నేసింది కలిపితే ఆరు, ఆయన సగంలో ఆపింది ఏడు. ఎవరెవరికి అని అడిగాను. మొదటి పేరు 'నరేశ్' అనడానికి నాలుక తిరగక ఆయన కళ్లలో నీళ్లు వచ్చాయి.

ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు పలికించడం నా పని. మర్నాడు అద్దం తెచ్చి మంచం మీద పెట్టాను.

"మామా, నువ్వు నాకు నేర్పుతున్నవు గదా. నేను నీకు నేర్పుత. నాలుక పైకి పెట్టు. న."

"చిన్న పోరగాన్నా నేను?"

"నేను చిన్నపోరినా? నాడె మోకాలికి కొడితే తిట్టలే నువ్వు? అను. న."

ఒక గంట మగ్గం, ఒక గంట అద్దం. బుగ్గల నిండా గాలి పట్టి ఊదించాను. ఒకటో తరగతి వాచకం బిగ్గరగా చదివించాను. రబియాబీ కండె చుడుతూ ఆయనతో పాటు తనూ పలికేది. పది రోజుల్లో మాట పూర్తిగా రాలేదు కానీ, ఓపిగ్గా వినేవాళ్లకు అర్థమయ్యేంత వచ్చింది.

ఇల్లు మాత్రం మునుపటిలాగే గందరగోళంగా ఉండేది. శిబిరంలో రోజంతా అరిచి వచ్చిన భూపతి ఇంట్లో చిన్న మాటకూ లేచేవాడు. మగ్గం ఎందుకు విప్పలేదని అడిగి, నేను గుంటలో కూర్చోవడం చూసి, "సమ్మెల పిచ్చి లేసిందా?" అన్నాడు. కానీ తండ్రి 'భూపతీ' అని పిలవడం విని అక్కడే నిలబడిపోయాడు. మళ్లీ విప్పమనలేదు.

సద్దుల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు అతను మండిపడుతూ వచ్చాడు. శిబిరాల మధ్య చాయ్ బండి దగ్గర ఎవరో రాజీ చేయబోతే, నరేశ్ పదిమందిలో అన్నాడట, తండ్రి చెయ్యి తీసినోనితో నాకు మాటలేందని.

"ఇననీకి నువ్వు లేవు లచ్చిమీ. తండ్రి చెయ్యి తీసినోన్నట. నేను!"

గట్టిగా అన్నాడు. మగ్గం గది తలుపు తీసే ఉంది.

మర్నాడు నేను గుంటలో కూర్చోగానే మామ, నేసిన బట్ట చుట్టుకునే దోనెను వెనక్కి తిప్పమన్నారు. తిప్పాను. నా వంకర నేత అంతా విచ్చుకుని, దాని అడుగున ఆయన సగంలో ఆపిన ఆ మొదటి కండువా బయటికి వచ్చింది. దానిమీద గొల్లభామ నడుం దాకా చక్కగా ఉంది. పైన భుజాలు ఒరిగాయి, కుండ పక్కకు జారింది. నేత ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉంది. మొదట్లోనే అది విప్పి మళ్లీ నేస్తానంటే ఆయన వద్దన్నారు. ఎందుకో నేను అడగలేదు.

ఆయన మంచం అంచుకు జరిగి, బొమ్మ నడుం మీద వేలు పెట్టారు.

"గీడ చెయ్యి పోయింది." వేలు జానెడు పైకి జరిగింది. "గీడిదాంక... ఎడమ చేత్తోని నేసిన."

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఎంతసేపు మామా?"

రాట్నం ఆగింది. జవాబు రబియాబీ చెప్పింది, తల ఎత్తకుండా.

"నేను తొమ్మిదింటికి కండెలిద్దామని వచ్చిన టీచరమ్మా. మూతి ఒంకరయి ఉండె. మా ఆయన జానీకి ఫోన్ చేస్త, ఆటో తెస్తడు అన్న. వద్దన్నడు. భూపతికి చేస్తన్న, బడికి పోయి నిన్ను పిలుస్తనన్న. ఎవ్వలికీ చెప్పద్దని అల్లా మీద కసం పెట్టిచ్చిండు. పదకొండింటికి పక్కకు ఒరిగిండు. అప్పుడు కసం ఇడిసిపెట్టి ఉరికిన. తర్వాత చెప్పనీకి భయమైంది. నన్నంటరని."

"ఎందుకు మామా?" అన్నాను. "ఎందుకట్ల చేసినవ్?"

"లేస్తే మల్ల కూసోనని తెల్సు," అన్నారాయన. ఆ ఒక్క వాక్యం ఎక్కడా తడబడలేదు. "బొమ్మ అయిపోవాలె అనుకున్న."

నేను గుంటలోంచి లేచి బయటికి వచ్చేశాను. ఆ మధ్యాహ్నమంతా వంటింట్లో గిన్నెలు తోమినవే తోమాను. ఆరు నెలలు. అన్న చెయ్యి లేచింది, తమ్ముడు గడప తొక్కడం మానేశాడు, నేను చాయ్ గ్లాసు పట్టుకున్న ఆయన మొహాన్ని వెయ్యిసార్లు గుర్తు చేసుకున్నాను. ఆయనకు అన్నీ తెలుసు. గోడవైపు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం అన్నం పెట్టడానికి పోతే, నా చెయ్యి పట్టుకున్నారు.

"కొడుకులు కొట్లాడుతుంటే... సిగ్గయింది బిడ్డా. నోరు రాదని మంచిగయిందనుకున్న."

కోపం అంతా పోలేదు. కానీ ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"ఇప్పుడు నోరొచ్చింది గదా మామా. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే. నువ్వు చెప్పకు."

"దసరా దాకా గడువు. దాటితే నేనే చెప్త."

బడిలో గడువు పెట్టినట్టే పెట్టాను. ఆయన తలూపారు.

మిగిలిన రోజులు గబగబా పోయాయి. మర్నాడు రబియాబీ తలుపు దగ్గరే నిలబడిపోతే, నేనే రాట్నం అందుకుని లోపల పెట్టాను. సద్దుల బతుకమ్మను ఆ ఏడు రోడ్డు మీదే ఆడారు. శిబిరాల మధ్య ట్రాఫిక్ లేని నడిరోడ్డు మీద వందల మంది ఆడవాళ్లం చప్పట్లు కొడుతూ తిరిగాం. నా అరచేతులు తాడు లాగి లాగి బొబ్బలెక్కి ఉన్నాయి, చప్పట్లు కొడితే మండాయి. ఇంటికొచ్చి అదే చేతులతో మళ్లీ మగ్గం మీద కూర్చున్నాను. వింత ఏమిటంటే, అక్కడ కూర్చున్నంతసేపూ నాకు జీతం గుర్తురాలేదు, బడి గుర్తురాలేదు. కుడి కాలు, తాడు, ఎడమ కాలు, తాడు. తెగిన పోగు అతకడం. మనసు నీళ్ల కుండలా నిలిచిపోయేది. చివరి రెండు కండువాల్లో నా గొల్లభామలకు మెడలు వచ్చాయి.

దసరా రోజు మధ్యాహ్నం రబియాబీ భర్త జానీ పాషా ఆటో తెచ్చాడు. నేనూ రబియాబీ చెరోవైపు పట్టుకుని మామను ఎక్కించాం. ఉతికిన పంచె, తెల్ల చొక్కా. ఒళ్లో ఏడు కండువాలు, పైన జమ్మి కొమ్మ. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి, పాఠం అప్పజెప్పబోయే పిల్లవాడిలా.

పండుగ అయినా శిబిరాలు ఖాళీ కాలేదు. మామను చూడగానే భూపతి చాప మీద నుంచి లేచి వచ్చాడు.

"బాపును ఎందుకు తెచ్చినవ్ లచ్చిమీ ఎండల?"

"నేను తేలే. ఆయనే తెచ్చిండు నన్ను."

అవతలి శిబిరం నుంచి నరేశ్ రోడ్డు దాటి వచ్చాడు. ఆటోకు ఆ పక్క నిలబడ్డాడు. అన్న ఈ పక్క. శిబిరంలోని ఒక పెద్దమనిషి కండువాలు చూసి నవ్వాడు.

"టీచరమ్మా, తెల్లవి తెచ్చినవ్. ఇవి ఏ పార్టీయి?"

"మా మామ పార్టీయి," అన్నాను.

మామ పైనున్న కండువా తీసి ఒళ్లో పరిచారు. కుండ జారిన గొల్లభామది. నడుం మీద వేలు పెట్టారు.

"నరేశా. గీడ చెయ్యి పోయింది. రబియాబీ... ఫోన్ చేస్తనన్నది. నేనే వద్దన్న." ఊపిరి తీసుకున్నారు. "మీ అన్న తప్పు లేదు. తప్పు నాది."

అద్దం ముందు వందసార్లు అన్న మాటలు.

నరేశ్ వంగి బట్ట మీద వేలు పెట్టి, నడుం దగ్గర్నుంచి మెల్లగా పైకి జరిపాడు. దట్టంగా ఉన్నచోట ఆగాడు, పలచగా ఉన్నచోట ఆగాడు. నేత తెలిసినవాడు. ఆ రెండు గంటలూ అతని వేలి కింద ఉన్నాయి. కుండ దాకా వచ్చాక వేలు తీశాడు.

"జానెడు నేసినవు బాపు," అన్నాడు. "ఒక్క చేత్తోని."

మైకులో ఎవరో మాట్లాడుతూనే ఉన్నారు. భూపతి ఆటో కడ్డీ పట్టుకుని నేల చూస్తున్నాడు. నరేశ్ కొమ్మ నుంచి నాలుగు జమ్మి ఆకులు తుంచుకుని, ఆటో చుట్టూ తిరిగి వచ్చి, అన్న చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు.

భూపతి అతన్ని లేపలేదు, కౌగిలించుకోలేదు. చేతిలోని ఆకులు చూస్తూ అడిగాడు.

"తిన్నవా?"

"ఇంకా లే."

"పా. ఇంటికి పోదాం. ప్రియాంకకు ఫోన్ చెయ్."

ఏడు కండువాల్లో అన్నదమ్ములకు చెరొకటి పోయింది. ఆటోలోనే జానీ పాషా ఒకటి మెడలో వేసుకున్నాడు. రబియాబీ తనది నెత్తిన కప్పుకుంది, మిగతావి మామ పాత స్నేహితులకు చేరాయి. మెడ లేని గొల్లభామది ఎవరికిచ్చారో నాకు చెప్పలేదు. బహుశా నా పరువు కాపాడడానికే.

అక్టోబరు మూడో వారంలో బడి తెరిచారు, బస్సులు కదిలాయి. నరేశ్ దుకాణానికి పోయే ముందు రోజూ పొద్దున మా ఇంటికి వచ్చి మగ్గం మీద రెండు గంటలు నేయడం మొదలుపెట్టాడు. కొత్త పడుగు తనే ఎక్కించాడు. ఇక ఇంట్లో నిశ్శబ్దం అనేదే లేకుండా పోయింది. అన్నదమ్ములు ఇప్పుడు మాట్లాడుకుంటారు, అంటే పోట్లాడుకుంటారు. సమ్మె ఆపడం తప్పా ఒప్పా అని, రాష్ట్రం వస్తదా రాదా అని, బాపుకు ఏ మందు వేయాలని. నోరొచ్చిన మామ ఇద్దరినీ తిట్టేవారు.

బడి తెరిచాక వచ్చిన మొదటి ఆదివారం నేను తలస్నానం చేసి మగ్గం గదిలోకి పోయాను. నరేశ్ గుంటలో ఉన్నాడు.

"లేవు. ఇయ్యాల నాది."

"గిది ఆర్డరు వదినా. చీర. నీకు మూరకు నాలుగు పోగులు తెగుతయి."

"తెగితే అతుకుత."

"గట్ల కాదు వదినా, అంచు..."

"లేవురా," అన్నారు మామ మంచం మీద నుంచి. మాట స్పష్టంగా వచ్చింది. "కోడలు కూసుంటది."

నరేశ్ గొణుక్కుంటూ లేచి బయటికి పోయాడు. నేను కాళ్లు దించి కూర్చున్నాను. నిమిషం కాలేదు, ముందు గదిలో అన్నదమ్ములు మళ్లీ మొదలుపెట్టారు. వంటింట్లో ప్రియాంక చేతిలోంచి ఏదో గిన్నె జారి గడగడలాడింది. "జర మెల్లగ!" అని మామ అరిచారు, అందరికంటే గట్టిగా.

నేను కుడి కాలు తొక్కి తాడు లాగాను. నాడె నేరుగా పోయింది.